కలియదున్నిన గడ్డి కుళ్ళినదో లేదో తెలిసికొనుట ఎట్లు?

వరి కోసిన పిమ్మట గడ్డిని తగులబెట్టక నేలలో కలియదున్నితిమనియు, అయినను వారము తిరుగకుండ విత్తిన మొక్కజొన్న పసుపుబారినదనియు కొందరు రైతులు ఆకులు పట్టుకొని మా వద్దకు వచ్చుచుందురు. అది తెగులు కాదు, తొందర. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి సుమారు 80 పాళ్ళ కర్బనముండును. లేత జీలుగలో అయినచో సుమారు 20 పాళ్ళే. గడ్డిని తిను సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలనుండి లాగుకొనును. ఆ ఉధృతి తగ్గువరకు మొలకకు మిగులునది స్వల్పము.

ఈ ఉధృతి కంటికి కనబడదు గాని కొలువవచ్చును. సూక్ష్మజీవులు తాము తిన్న కర్బనములో చాల భాగమును, మనవలెనే, బొగ్గుపులుసు వాయువుగా విడుచును. ఆ వాయువు తగిలిన సున్నపు తేట పాలవలె తెల్లబడును.

వెడల్పు మూతిగల గాజు సీసాలు మూడు తీసికొనుడు. ఒకదానిలో గడ్డి కలిపిన చోటి మట్టిని, ఇంకొకదానిలో గడ్డి పడని చోటి మట్టిని 100 గ్రాముల చొప్పున వేయుడు. మట్టి పిడికిట ముద్దకట్టి, వేలితో త్రోసిన విడిపోవునంత తడి చాలును. గాలిలోను ఈ వాయువు కొంత గలదు గనుక మూడవ సీసా ఖాళీగా ఉండవలెను. ప్రతి సీసాలో ఒక చిన్న గిన్నెనుంచి, సున్నపు తేటను సమముగా పోసి, మూత గట్టిగా బిగించి నీడనుంచుడు. నేను మొదట చేసినపుడు మూత వదులై ఖాళీ సీసాలోని తేటయు తెల్లబడగా చూచినవారు నవ్విరి! గంటకొకసారి చూచి, ఏది ముందు తెల్లబడినదో వ్రాసికొనుడు. రాత్రియంతయు వదలిన, వాయువు మరీ ఎక్కువై ఆ తెలుపు మరల కరగిపోవచ్చును.

ప్రయోగశాలలో తేటకు బదులు కాస్టిక్ సోడా ద్రవమునుంచి, మిగిలిన క్షారమును ఆమ్లముతో లెక్కింతురు. ఒక నార్మల్ ద్రవము 1 మిల్లీలీటరు ఖర్చయిన, 6 మిల్లీగ్రాముల కర్బనము వెలువడినట్లు. ఖాళీ సీసా లెక్కను ఇందులోనుండి తీసివేయుదురు.

సీసా త్వరగా తెల్లబడిన నేల సారవంతమని సంతోషించువారు గలరు. నా మట్టుకు అది నిలువ లెక్క కాదు, ఖర్చు లెక్క.

వారమునకొకసారి క్రొత్త మట్టితో మరల చేయుడు. వేడి 10 డిగ్రీలు పెరిగిన కుళ్ళు వేగము ఇంచుమించు రెట్టింపగును గనుక, ఒకే దినమున ఉంచిన సీసాలనే పోల్చవలెను. మట్టి గల రెండు సీసాలు ఇంచుమించు ఒకే వేళకు తెల్లబడినపుడు విత్తుకొనవచ్చును. అంతవరకు ఆగుటకు అదను మించిపోవునట్లున్న, గడ్డి దున్నునపుడే కొంత యూరియా చల్లి కలియదున్నుడు.