పియానో వదిలి కుట్టుపనికి...

చేతిలో విద్య ఉంటే ఎక్కడైనా బతకొచ్చంటాం కదా! మరి విద్యతోబాటు పేరూ వచ్చాక, అదంతా పక్కన పెట్టి బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన ఆవిణ్ణి ఏమంటారు?

ఆవిడ పేరు యుట్టా హిప్. 1925లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. తొమ్మిదో ఏట పియానో మొదలుపెట్టింది, బొమ్మలు వేయడం కూడా నేర్చుకుంది. మనసు మాత్రం జాజ్ మీద. అమెరికాలో నల్లజాతి వాళ్ల మధ్య పుట్టిన సంగీతం అది. మన కచేరీల్లో కల్పనస్వరాలు వేస్తారు చూడండి, అలా తెలిసిన పాటమీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడమే అందులో అందం.

హిట్లర్ ప్రభుత్వానికి ఆ సంగీతం గిట్టదు. పరదేశపు రేడియో వింటే శిక్ష. అయినా సైరన్ మోగి అందరూ నేలమాళిగల్లోకి పరుగెడుతుంటే, ఈ పిల్ల రేడియోకి చెవి ఆనించి, విన్న బాణీలు కాగితంమీద రాసుకునేదట! మనింటి ఆడపిల్లయితే ఊరుకుంటామా, చెప్పండి?

యుద్ధం అయ్యాక, 1946లో, రష్యా అధీనంలోని లైప్‌జిగ్ వదిలి పడమటి వైపు వచ్చేసింది. 1948లో ఓ కొడుకు పుట్టాడు. తండ్రి నల్లజాతి అమెరికన్ సైనికుడు. తెల్లజాతి స్త్రీకి పుట్టిన బిడ్డను తన బిడ్డ అని చెప్పుకునే వీలు ఆ రోజుల్లో ఆ సైనికులకు లేదు. ఒంటరి ఆడది, తిండికే కటకట. బాబుకి లయొనెల్ అని ఇష్టమైన జాజ్ కళాకారుడి పేరు పెట్టుకుంది గానీ, పెంచుకోలేక దత్తత ఇచ్చేసింది. చదువుతుంటేనే మనసు చివుక్కుమంటుంది.

1953కల్లా ఆమెకి సొంత బృందం ఉంది. లెనార్డ్ ఫెదర్ అనే సంగీత విమర్శకుడు మెచ్చి చేయూతనిస్తే 1955లో న్యూయార్క్ చేరింది. మరుసటి ఏడు హికరీ హౌస్ అనే రెస్టారెంట్‌లో నెలల తరబడి వాయించింది. పేరున్న బ్లూ నోట్ కంపెనీ ఆ ఒక్క ఏడాదిలోనే ఆమెతో మూడు ఆల్బమ్‌లు రికార్డు చేసింది!

ఆ తర్వాతే తిరకాసు. నలుగురిలో కూర్చుని వాయించాలంటే ఆవిడకి వణుకు. భయం పోవడానికి మందు అలవాటైంది. హొరేస్ సిల్వర్ అనే పియానిస్టును అనుకరిస్తోందని విమర్శలు వచ్చాయి. ఫెదర్‌తోనూ పొసగలేదు. చివరికి బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుదిరి, పియానో మెట్లు ముట్టడమే మానేసింది. ముప్ఫై అయిదేళ్లు అక్కడే పనిచేసింది. నెల తిరిగేసరికి జీతం, ఖాళీ దొరికితే రంగులూ కుంచే. ఓడిపోయిందని రాసినవాళ్లున్నారు. నాకైతే అలా అనబుద్ధి కాదు. రాత్రి క్లబ్బు నుంచి వణుకుతూ ఇంటికి చేరడంకంటే అదే నయమనుకుందేమో!

అన్నట్టు, ఆ రికార్డులు జపాన్‌లాంటి దేశాల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. డబ్బు ఎక్కడికి పంపాలో మాత్రం కంపెనీకి తెలియదు. 2000 సంవత్సరం ప్రాంతంలో ఎలాగో చిరునామా పట్టుకుని 40,000 డాలర్ల చెక్కు అందజేశారు. అప్పటికి ఆవిడ డెబ్భై అయిదు దాటిన మనిషి. 2003లో న్యూయార్క్‌లోనే కన్నుమూసింది.

జూట్ సిమ్స్ అనే శాక్సొఫోన్ కళాకారుడితో ఆవిడ చేసిన 1956 నాటి ఆల్బమ్ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. అందులో ‘వయొలెట్స్ ఫర్ యువర్ ఫర్స్’ అనే నెమ్మది పాట ముందు వినండి. పప్పుకి కుక్కర్ పెట్టి మొదలుపెడితే విజిల్స్ వచ్చేలోగా అయిపోతుంది.