నెల్లూరు తీరంలో అభివృద్ధి మూల్యాంకనం: ప్రజల కొలమానాలు

ఒక పథకం ఫలించినదా, లేదా అన్న నిర్ణయం దేనిని లెక్కలోకి తీసుకుంటారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. తవ్విన చెరువులు, వెచ్చించిన నిధులు, ఎగుమతుల విలువ అధికారిక నివేదికలలో సులభంగా నమోదవుతాయి. మంచినీటి బావి ఉప్పబారటం, సముద్రానికి పోయే దారి మూసుకుపోవటం వంటివి స్థానికులు చెప్పినప్పుడే లెక్కకు వస్తాయి.

నెల్లూరు తీరంలో 1990వ దశకంలో విస్తరించిన రొయ్యల సాగు ఇందుకు నిదర్శనం. చెరువులలో నిలిపిన ఉప్పునీరు ఇసుక నేలలోకి ఇంకి, సమీపంలోని మంచినీటి ఊటలను చెడగొడుతుంది. ఈ నష్టం సాగుదారుని ఆదాయపు పద్దులో కనిపించదు. దూరం నుండి నీరు మోసే స్త్రీల శ్రమగా మారుతుంది. ఎస్. జగన్నాథన్ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు, నీరి సంస్థ నివేదికను ఆధారం చేసుకొని ఇటువంటి సామాజిక నష్టాన్ని కూడా పరిగణించింది. సంప్రదాయ పద్ధతులను మినహాయించి, పులికాట్ సరస్సుకు 1000 మీటర్లలోపు రొయ్యల సాగును నిషేధించింది. 2005 నాటి కోస్తా జలసాగు అథారిటీ చట్టం నమోదు, నియంత్రణల ద్వారా సాగుకు తిరిగి చట్టబద్ధత కల్పించింది.

ప్రజల మాట వినే ఏర్పాట్లు లేకపోలేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ఓడరేవుల వంటి భారీ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణను నిర్దేశించింది. అయితే అది అనుమతికి ముందు జరిగే ప్రక్రియ. ప్రభావాలు తెలిసేది ఆ తరువాతనే. గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 17వ విభాగం మాత్రం పనులపై సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి అమలైన ఈ విధానంలో, శిక్షణ పొందిన గ్రామీణ యువత రికార్డులను ఇంటింటా సరిచూసి, ఫలితాలను బహిరంగ సభలో చదివి వినిపించేవారు.

ఈ విధానాన్ని సహజ వనరులకు వర్తింపజేయాలంటే రికార్డుల పరిశీలన ఒక్కటే చాలదు. రాబర్ట్ ఛాంబర్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన భాగస్వామ్య పద్ధతుల ప్రకారం గ్రామస్థులే బావులు, వాగులు, దారుల పటం గీసి, ఏ బావి నీరు ఏ కాలంలో చెడినదో గుర్తించవచ్చు. ఉప్పుశాతం పరీక్షలతో పోల్చినపుడు ఆ జ్ఞాపకం ఆధారంగా నిలుస్తుంది.

అయితే గ్రామం ఏకరూపమైనది కాదు. చెరువు యజమాని ఎదుట అతని వద్ద కూలికి వెళ్ళే యానాది కుటుంబం నిర్భయంగా మాట్లాడలేకపోవచ్చు. అందుచేత స్త్రీలు, మత్స్యకారులు, భూమిలేని కూలీలతో వేర్వేరు సమావేశాలు జరపటం అవసరం. కొలమానాలను నిర్ణయించటంలోను, తేలిన లోపాలపై చర్యను కోరటంలోను వీరికి అధికారం లేనిచో, భాగస్వామ్యం హాజరు పట్టీలోని సంతకాలకే పరిమితమవుతుంది.