ఎడెక్సు విద్యాస్థానము - మూలలిపి ప్రకటనము

మన మనుమలు చేతి ఫోనులలో పాఠములు వినుచున్నారు, పరీక్షలు వ్రాయుచున్నారు. ఆ పాఠములు చెప్పు యంత్రవిధానము ఫోనులోనే యున్నదని మనము తలంతుము. చాలవఱకది యచట లేదు. ఎక్కడనో యొక సంస్థవారి పెద్ద కంప్యూటరులలో నది నడచుచుండును. దాని ఫలము మాత్రము మన తెరమీద గానవచ్చును. అట్టి యొక విధానమును దాని సొంతదారులే లోకమునకు విప్పి యిచ్చిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

కంప్యూటరునకు పని చెప్పు నాజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. మనుష్యుడు చదివి తెలిసికొనదగిన రూపమున నున్న యా వ్రాతను సోర్సు కోడందురు. నేను మూలలిపి యనెదను. అది దొరకినవాడు దానిని చదివి, తప్పులు దిద్ది, తన యంత్రములపై నడపుకొనగలడు. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాసికొనినందున మాతృకకు తఱుగు లేనట్లే, దీనికిని తఱుగు లేదు. అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ అనునాతడు 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రమును వెలువరించెను. దాని ప్రకారము, సాఫ్టువేరు నితరుల కిచ్చువాడు మూలలిపిని కూడ నీయవలెను.

ఈ నియమములో నొక సందు మిగిలెను. దూరమునుండి సేవ మాత్రము నడపువాడు మనకు సాఫ్టువేరు నిచ్చుటయే లేదు గదా! పూటకూళ్ళయింట భుజించిన బాటసారికి అన్నము ముట్టును గాని వంటవిధానము ముట్టదు. ఆ యిల్లు మూతపడిననాడు, లేక ధర పెరిగిననాడు, అతనికి పస్తే గతి. ఈ సందును మూయుటకై ఆఫెరో అను పేరుగల మఱియొక యనుమతిపత్రము పుట్టెను. దాని నేటి రూపము 2007 నవంబరులో వెలువడినది. విధానమును మార్చి దూరమునుండి సేవ నడపువాడు, ఆ సేవను వాడుకొను వారందఱికిని తాను మార్చిన మూలలిపిని అందుబాటులో నుంచవలెనని యందలి ముఖ్యనియమము.

ఇక ఎడెక్సు సంగతి. 2012 వసంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయము విద్యుద్వలయములను గూర్చిన యొక పాఠ్యక్రమమును ఇంటర్నెట్టులో నెల్లరకును ఉచితముగా నేర్పెను. సుమారు 1,55,000 మంది పేర్లు వ్రాయించుకొనిరి; కడదాక చదివి యుత్తీర్ణులైనవారు ఏడువేలకు పైబడిరి. ఇంతమందిలో నింతేనా యని నవ్వినవారు నవ్విరి. బడిపంతులనైన నాకు మాత్రము, ఒక్క తరగతిలో ఏడువేలమంది కృతార్థులగుట అల్పవిషయముగా దోపదు. ఆ సంవత్సరము మే నెలలో ఎం.ఐ.టి., హార్వర్డు విద్యాలయములు చెఱి 3 కోట్ల డాలర్లు వెచ్చింప నిశ్చయించి, లాభాపేక్ష లేని సంస్థగా ఎడెక్సును స్థాపించిరి. దాని మొదటి యధ్యక్షుడు అనంత అగర్వాల్, మన మదరాసు ఐ.ఐ.టి.లో చదివినవాడు.

2013 జూను 1వ తేదీని ఆ సంస్థవారు తమ విధానపు మూలలిపిని ఆఫెరో నియమములతో లోకమున కొసగిరి. దానిని ఓపెన్ ఎడెక్సు అందురు. ఇచ్చినదేమో, ఈయనిదేమో స్పష్టముగా దెలిసికొనవలెను. ఆచార్యుల పాఠములపై హక్కులు విద్యాలయములవే. విద్యార్థుల మార్కులును వివరములును ఎవరికి నీయలేదు, ఈయనురాదు. వారిచ్చినది పాఠము నమర్చుట, ప్రశ్నలు వేయుట, జవాబులు దిద్దుట మొదలగు పనులు చేయు సాధనసామగ్రి.

ఆ సామగ్రిని గైకొని ఫ్రాన్సు దేశమువారు తమ భాషలో ఫన్ అను విద్యాస్థానమును నెలకొల్పిరి. చైనాలో త్సింగ్‌హువా విద్యాలయమువారును, జోర్డానులో రాణి రానియా సంస్థవారును అట్లే చేసిరి. జోర్డానువారిది అరబ్బీ, కుడినుండి యెడమకు వ్రాయు భాష. మూలలిపి చేత నున్నవానికి తెరను తన లిపికి దగినట్లు మార్చుకొనుటకు ఒకరి దయ యక్కఱలేదు. మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.వారును ఈ సామగ్రితోనే తమ విద్యాస్థానమును నిర్మించిరి.

పిమ్మట వచ్చినది పరీక్షాకాలము. 2021లో ఎడెక్సు సంస్థ తన పేరును, తన విద్యాస్థానమును టూయూ అను వ్యాపారసంస్థకు 80 కోట్ల డాలర్లకు విక్రయించెను. ధర్మమునకై కట్టిన సత్రమును వర్తకునికి అమ్మిరని పలువురు నొచ్చుకొనిరి. ఆ నొప్పిలో న్యాయము లేకపోలేదని నా తలంపు. కొన్న సంస్థయు ఋణభారమునకు లోనై 2024 జూలైలో దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయించి, సెప్టెంబరులో ప్రైవేటు సంస్థగా బయటపడెను. మూలలిపి పోషణము మాత్రము అమ్మకములో పోలేదు. అది లాభాపేక్ష లేని సంస్థయొద్దనే నిలిచెను. ఆ సంస్థకు నేటి పేరు ఆక్సిమ్ కొల్లాబొరేటివ్. తమ యంత్రములపై తమ ప్రతిని నడపుకొనువారికి ఎడెక్సు ఎవరి చేతికి మారినను పొయ్యి ఆరదు.

అయితే ఒకసారి యిచ్చినవాడు ఎల్లకాలము ఇచ్చుచునే యుండునను నిశ్చయము లేదు. రెడ్డిట్ అను చర్చావేదికవారు 2008లో మూలలిపిని బయటపెట్టి, 2017లో క్రొత్త వ్రాతల నిచ్చుట మానివేసిరి. అంతకుముందిచ్చినది జనుల చేత మిగిలెను; తరువాతిది వారి పెట్టెలోనే యుండెను.

మూలలిపి ఉచితమే గాని దానిని నడపుట ఉచితము గాదు. యంత్రములు కావలెను, కరెంటు కావలెను, రాత్రి చెడినచో రాత్రియే బాగుచేయు నేర్పరి కావలెను. ఓపెన్ ఎడెక్సువారు తమ కూర్పులకు ఇంగ్లీషు అక్షరక్రమమున చెట్లపేర్లు పెట్టుచుందురు; 2023లో వచ్చినదానికి పామ్, అనగా తాళజాతి పేరు పెట్టిరి. క్రొత్త కూర్పు వచ్చిన పిదప పాతదానికి దిద్దుబాట్లు క్రమముగా నాగిపోవును. కావున మీ యూరి బడికి ఇట్టి విధానమును ఎవరైన తెచ్చినచో, మూలలిపి ఎచట దొరకునని యడుగుడు. వారు తప్పుకొనినచో పిల్లల వివరములు మన చేతికెట్లు వచ్చునని యడుగుడు. క్రొత్త కూర్పును ఎక్కించు మనిషి యెవరో, అతనికి జీతమిచ్చునదెవరో వ్రాతమూలకముగా తీసికొనుడు.