పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లికి అండగా ఉండండి

తొమ్మిది నెలలు ఎదురుచూసిన బిడ్డ పుట్టిన కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చనిపోతే ఇంటివారికి ఏం చేయాలో తోచదు. అమ్మ, అత్తగారు, భర్త, ఆడపడుచు... తల్లి పక్కన ఉండే మీ కోసమే ఈ నాలుగు మాటలు.

నిజం దాచకండి

"ఇప్పుడే చెప్పకండి సిస్టర్, తట్టుకోలేదు" అని చాలామంది మమ్మల్ని బతిమాలుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒకసారి ఒప్పుకున్నాను. పాప బాక్సులో ఉందని తల్లికి చెప్పాం. మూడో రోజు ఆమెకు పాలు పడ్డాయి. గిన్నెలోకి పిండి, "పాపకు పట్టండి సిస్టర్" అని నా చేతికిచ్చింది. అప్పటికి పాపను పూడ్చిపెట్టి రెండు రోజులైంది. నిజం తెలిశాక, బిడ్డ పోయినందుకు ఎంత ఏడ్చిందో, కడసారి చూడనివ్వనందుకూ అంతే ఏడ్చింది.

అందుకే భర్త దగ్గరుండగా డాక్టరుగారిని సూటిగా చెప్పనివ్వండి. బిడ్డను చూస్తావా, ఎత్తుకుంటావా అని తల్లిని అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. చూస్తానంటే ఆపకండి. శుభ్రం చేసి, మీరు తెచ్చిన గుడ్డలో చుట్టి ఇమ్మని మమ్మల్ని అడగండి.

నిందించకండి

"చిన్నదానివే, మళ్ళీ పుడతారులే", "గ్రహణం నాడు బయట తిరిగావు" వంటి మాటలు అనకండి. పసికందుల మరణానికి ముఖ్య కారణాలు నెలలు నిండకపోవడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్, పుట్టుకతో వచ్చే లోపాలు. గ్రహణమూ దిష్టీ కాదు. మీ బిడ్డకు ఏమైందో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఏడవని తండ్రికీ దుఃఖం ఉంటుంది, అతన్నీ పలకరించండి.

ఆమె కూడా బాలింతే

బిడ్డ లేకపోయినా సాధారణంగా 2 నుంచి 4 రోజుల్లో పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి నొప్పిగా ఉంటే చల్లటి తడిగుడ్డ వేయండి. నొప్పి తగ్గేంత మేరకే పిండాలి. పూర్తిగా పిండితే పాలు ఇంకా ఊరుతాయి. గుడ్డతో బిగించి కట్టకండి. వేళకు తిండి, విశ్రాంతి ఇవ్వండి. జ్వరం, రొమ్ము ఎర్రబడడం, ఎక్కువ రక్తస్రావం, దుర్వాసన కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

నమోదు

1969 నాటి చట్టం ప్రకారం బిడ్డ జననం, మరణం రెండూ 21 రోజుల్లోగా నమోదు కావాలి. ఆసుపత్రిలో జరిగిన వాటిని ఆసుపత్రే తెలియజేస్తుంది. ఇంటికి వెళ్ళేముందు వివరాలు సరిచూసుకోండి.

ఎప్పుడు సాయం అడగాలి?

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర లేకుండా ముభావంగా ఉంటే డాక్టరుకు చూపించండి. చచ్చిపోతానంటే ఒక్క రోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఓదార్చడానికి మాటలు దొరకకపోతే ఫరవాలేదు. ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోండి. బిడ్డ గురించి చెప్పుకుంటే, మాట మార్చకుండా వినండి.