టెలిఫోను పెట్టెకు దూరమునుండి ఆజ్ఞ లిచ్చుట

కార్యాలయములందును, వైద్యశాలలందును, పెద్ద పాఠశాలలందును గదిగదికి నొక టెలిఫోను ఉండుట మనమెల్లరము చూచుచునే యున్నాము. ఒక గదినుండి మరియొక గదికి మాటలాడుటకు రెండు మూడంకెలు నొక్కిన చాలును. ఈ టెలిఫోనుల నన్నిటిని కలిపి, బయటి తీగలతో సంబంధము కల్పించు పెట్టె యొకటి గోడకు తగిలింపబడి యుండును. దీనిని ఈపీఏబీఎక్స్ అనియు, వాడుకలో ఇంటర్‌కామ్ పెట్టె యనియు చెప్పుదురు.

పూర్వము తీగలను చేతితో కలుపుటకు మనుష్యులు కూర్చుండెడివారు. 1891వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు ఆల్మన్ స్ట్రోజరు, తనంతట తానే తీగలను కలుపు యంత్రమునకు పేటెంటు పొందెను. మన దేశమున 1984లో స్థాపింపబడిన సీ-డాట్ సంస్థవారు, శీతలయంత్రము లేకయే పల్లెలలో పనిచేయు చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించిరి. అట్టిది 1986లో కర్ణాటక రాష్ట్రమునందలి కిత్తూరులో నెలకొల్పబడెను. మనిషి లేకయే పనిచేయు యంత్రము వచ్చినప్పుడు, దానితో మాటలాడుటకు మార్గమొకటి కావలసి వచ్చినది.

ఆ మార్గమే సీరియల్ పోర్టు. ఇది పెక్కు పెట్టెల ప్రక్కను తొమ్మిది పిన్నులు గల చిన్న సాకెట్టుగా కానవచ్చును. దానికి రెండు పనులు కలవు. ఏ గదినుండి, ఏ నంబరునకు, ఎప్పుడు, ఎంతసేపు మాటలాడిరో యా లెక్కను పంక్తులుగా వెలువరించుట మొదటిది. ఫలానా గది నంబరును మార్చుము, ఫలానా టెలిఫోనునుండి దూరపు పిలుపులను నిలుపుము అను ఆజ్ఞలను గైకొనుట రెండవది.

సీరియల్ అనగా వరుసగా, ఒకటి వెనుక నొకటి యని యర్థము. మన కాలువలమీది యిరుకు వంతెనను తలంచుకొనుడు. ధాన్యపు బండ్లెన్ని యున్నను అచ్చట ఒకదాని వెనుక నొకటి దాటవలసినదే. ఇచ్చట బండ్లకు బదులుగా సున్నలును ఒకట్లును నడచును. ఆంగ్లమునందలి పెద్ద ‘ఏ’ యక్షరమునకు సంకేతసంఖ్య 65. సున్నయు ఒకటియు మాత్రమే వాడు లెక్కలో ఇది 01000001 అగును. దీనిని కుడివైపునుండి మొదలిడి పంపుదురు. ముందు ఆరంభమును తెలుపు సున్నయు, చివర ముగింపును తెలుపు ఒకటియు చేరగా, తీగపై 0100000101 అను పది గుర్తులు పోవును. సెకనునకు 9600 గుర్తుల వేగమైనచో 960 అక్షరములు దాటునన్నమాట. ఈ వేగమును తెలుపు బాడ్ అను మాట, తంతివార్తలకు అయిదు గుర్తుల లిపిని కల్పించిన ఫ్రెంచివాడగు ఎమీల్ బోదో పేరునుండి పుట్టినది. రెండు కొనలయందును ఒకే వేగము నిర్ణయింపవలెను. లేనిచో తెరపై అర్థములేని యక్షరములు మాత్రమే కానవచ్చును.

ఈ తీగకు 1960లో ఆర్‌ఎస్-232 అను ప్రమాణ మేర్పడినది. పూర్వపు నియమము ననుసరించి దీని పొడవు సుమారు 15 మీటర్లు మించరాదు. చల్లపల్లిలోని పెట్టెను సరిచేయువాడు విజయవాడయందున్నచో, ఒక్క యంకెను మార్చుటకై ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా బస్సులో రావలయును. ఈ ప్రయాసను తప్పించుటకు పూర్వము మోడెమును వాడిరి. అది గుర్తులను ధ్వనులుగా మార్చి టెలిఫోను తీగపైనే పంపును. ఇప్పుడు పెట్టె చెంత నొక చిన్న కంప్యూటరు నుంచి, ఒకవైపు సీరియల్ తీగను, మరియొకవైపు ఇంటర్నెట్టును తగిలింతురు.

చేయవలసిన క్రమ మిది. మొదట పెట్టెతో వచ్చిన పుస్తకమును చూచి వేగము మొదలగు అంకెలను వ్రాసికొనవలెను. పిమ్మట తగిన తీగను ఎంచవలెను. ఒకరు పలుకు పిన్ను రెండవవారు వినుదానికి చేరవలెను గదా. తరువాత దగ్గరనే ల్యాప్‌టాపు తగిలించి, పెట్టె బదులు పలుకుచున్నదో లేదో చూడవలెను. దగ్గర పలుకనిది దూరమునుండి పలుకదు. ఇది సరిపడిన పిదపనే చిన్న కంప్యూటరును అమర్చవలెను.

ఇచ్చట చదువరు లొక విషయమును ముఖ్యముగా గమనింపవలెను. పెట్టెలలో కొన్ని సీరియల్ పోర్టువద్ద పాస్‌వర్డునే అడుగవు. కొన్నిటికి కర్మాగారములో పెట్టిన పాస్‌వర్డే యుండును. అది పుస్తకమును చూచిన వారందరికి తెలియును. ఇంతకాలము దానిని కాపాడినది కార్యాలయపు తలుపునకున్న తాళము మాత్రమే. తీగను ఇంటర్నెట్టునకు కలిపిన దినముననే ఆ తాళము పనికిరాకపోవును. పెక్కు పెట్టెలకు బయటినుండి వచ్చిన పిలుపును మరల బయటికి, విదేశములకు సైతము, పంపు శక్తి కలదు. పరు లెవరైన లోపల ప్రవేశించి యిట్లు మళ్లించుకొన్నచో, వారి మాటలకు కార్యాలయమువారు సొమ్ము చెల్లింపవలసి వచ్చును. ఇదిగాక వైద్యశాలనుండి ఎవరికి పిలుపు పోయినదో యా లెక్కయంతయు అన్యుల కంటబడును.

కావున పోర్టును తిన్నగా ఇంటర్నెట్టునకు తెరచి యుంచరాదు. టెల్నెట్ అను పాత పద్ధతిలో పాస్‌వర్డు సహితము మరుగులేక పోవును. ఫిన్లాండు దేశమున నొక విశ్వవిద్యాలయమునందు పాస్‌వర్డులు దొంగిలింపబడగా, అచ్చటి తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అను రహస్యలిపి మార్గమును నిర్మించెను. చిన్న కంప్యూటరును చేరుటకు అట్టి మార్గమునే వాడవలెను. పాత పాస్‌వర్డును మార్చవలెను. పనిచేయు ప్రతివానికి వేరువేరు తాళపుచెవి నియ్యవలెను. ఎవరు ఎప్పుడు వచ్చిరో వ్రాయబడునట్లు చేయవలెను. పని ముగిసిన పిదప మార్గమును మూయవలెను.

మరియొక మాట. మన దివిసీమవారు 1977 నవంబరు 19వ తేదీని మరువజాలరు. తుపానునకు స్తంభములు కూలినపుడు దూరమునుండి వచ్చు ఏ యాజ్ఞయు పెట్టెను చేరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలే నీట మునిగినవి. సాయము చేయవలసినవారే చిక్కుకొనవచ్చునని దానివలన తెలిసినది. కావున టెలిఫోను తీగయు, ఇంటర్నెట్టును ఒకే త్రోవను రాకుండుట మేలు. చిన్న కంప్యూటరునకును, పెట్టెకును బ్యాటరీ యుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, దగ్గరనుండి తీగ తగిలించి ఆజ్ఞ లియ్యనేర్చినవా డొక్కడైన ఆ యూరనే యుండవలెను.

విద్యార్థులారా! మీలో కొందరు ముందు కార్యాలయములందు ఇట్టి యంత్రములకు బాధ్యులు కాగలరు. తీగను సాగదీయుట నేర్చినవారికి పని సులభమే. సాగదీయుటకు ముందు, అవతలి కొనను ఎవరు పట్టుకొనగలరో విచారింపుడు. వేగపు అంకెలను, తీగ వివరమును ఒక కాగితముపై వ్రాసి పెట్టె ప్రక్కనే అంటింపుడు. పాస్‌వర్డును మాత్రము దానిపై వ్రాయకుడు.