వెలుగును కొలుచు విద్య

హైదరాబాదు నగరమునకు దక్షిణమున శంషాబాదు కలదు. 2008 మార్చి నెలలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట ప్రారంభమయ్యెను. దానికై దాదాపు 5,500 ఎకరముల నేల కేటాయింపబడెను. అంతకుముందు ఆ నేల ఎట్లుండెడిదో చూడగోరువారికి నాటి ఛాయాచిత్రములే ఆధారము. శంషాబాదునకు చేరువనే అమ్మపల్లిలో సీతారామచంద్రస్వామి ఆలయము కలదు. ఎత్తైన గోపురము, మెట్ల కోనేరు గల ఆ చోట పెక్కు తెలుగు చలనచిత్రములు చిత్రింపబడినవి. ఒకవైపు కదలని శిల. మఱియొకవైపు నిలువని విమానము. ఈ రెంటిని ఒక్క తీరుగా ఫొటో తీయుటకు వలనుపడదు. అది ఎందుచేతనో తెలిసికొనుటయే ఛాయాగ్రహణ విద్యకు ఓనమాలు.

కెమెరా యనగా వెలుగును పట్టు చీకటి పెట్టె. రైతు తూము తెరచి మడికి నీరు పెట్టునట్లు, ఛాయాగ్రాహకుడు లోపలి ఫలకమునకు వెలుగు పెట్టును. నీరు చాలనిచో పైరు ఎండును, హెచ్చైనచో కుళ్లును. వెలుగు చాలనిచో చిత్రము నల్లబడును; హెచ్చైనచో తెల్లబోవును. తెల్లబోయిన చోట వివరమేమియు మిగులదు. తరువాత ఎంత దిద్దినను అది తిరిగి రాదు. తూమును ఎంత వెడల్పుగా తెరవవలెను, ఎంత సేపు తెరవవలెను, పైరు ఎంత నీటితో పండును అను మూడు లెక్కలు రైతునకు తెలియవలెను. కెమెరాలోను లెక్కలు మూడే.

మొదటిది కటకపు ద్వారము. దీనిని అపర్చర్ అందురు. దాని కొలతలు 4, 5.6, 8, 11, 16 అని యుండును. సంఖ్య పెరిగినకొలది ద్వారము చిన్నదగుట మొదట వింతగా తోచును. కటకపు నాభ్యంతరమును ద్వారపు వ్యాసముతో భాగింపగా వచ్చిన లబ్ధమే ఆ సంఖ్య. భాజకము తగ్గినచో లబ్ధము పెరుగును గదా! ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది లోనికి వచ్చు వెలుగు సగమగును. ద్వారము చిన్నదైనచో దగ్గరి వస్తువులును దూరపు వస్తువులును కూడ స్పష్టముగా పడును. పెద్దదైనచో గురిచూచిన వస్తువే స్పష్టమై, తక్కినది మసకబారును.

రెండవది కాలము. షట్టర్ అను తలుపు సెకనులో 125 వ వంతు, 250 వ వంతు, 500 వ వంతు, 1,000 వ వంతు మాత్రమే తెరచియుండునట్లు అమర్చవచ్చును. మూడవది ఐ.ఎస్.ఓ. అను గ్రహణశక్తి. 100 నుండి 200, 400, 800 అని పెంచినకొలది కొద్ది వెలుగుతోనే పని జరుగును. అయితే మిక్కిలి పెంచినచో చిత్రము ఇసుక చల్లినట్లు కనబడును. కావున పట్టపగలు 100 చాలును.

నిండు ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద, ద్వారము 16, కాలము 125 వ వంతు సరిపోవును. ద్వారమును 11 చేసినచో వెలుగు రెట్టింపగును; కావున కాలమును 250 వ వంతు చేయవలెను. అట్లే 8 కి 500 వ వంతు, 5.6 కి 1,000 వ వంతు. ఈ నాలుగింట లోపలికి వచ్చు వెలుగు ఇంచుమించు ఒక్కటే. చిత్రము మాత్రము ఒక్కటి కాదు. అమ్మపల్లిలో ముందున్న మెట్లును వెనుకనున్న గోపురమును స్పష్టముగా రావలెనన్నచో 16 వలయును. శిల కదలదు గనుక కాలము కొంత హెచ్చైనను బాధ లేదు.

విమానము సంగతి వేఱు. దిగుచున్న విమానము గంటకు 252 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొన్నచో, సెకనునకు 70 మీటర్లు పోవును. సెకనులో 125 వ వంతులో 56 సెంటీమీటర్లు జరుగును. 1,000 వ వంతులో 7 సెంటీమీటర్లే. అందుచేత ఇచ్చట 5.6 తో 1,000 వ వంతు మేలు. కాని పంకాలతో ఎగురు చిన్న విమానమును అట్లు తీసినచో, పంకాలు కూడ నిలిచిపోయి, యంత్రము ఆగినట్లు కనబడును! అప్పుడు 125 వ వంతునకు తగ్గించి, విమానముతోబాటు కెమెరాను కూడ మెల్లగా త్రిప్పవలెను. ఏది స్పష్టము కావలెనో, ఏది కదలవలెనో నిర్ణయించునది యంత్రము కాదు, మనుష్యుడు.

ఇక కూర్పు. చట్రమును అడ్డముగా మూడు, నిలువుగా మూడు భాగములు చేసినట్లు ఊహించుకొని, ముఖ్య వస్తువును ఆ గీతలు కలిసికొను చోట నుంచుట ఒక పద్ధతి. పోవుచున్న విమానమునకు ముందువైపు ఖాళీ హెచ్చుగా నుంచవలెను. లేనిచో అది చట్రపు అంచును ఢీకొనునట్లుండును. శంషాబాదు మండలములోని ముచ్చింతలలో 2022 లో ఆవిష్కరింపబడిన రామానుజుల విగ్రహము ఎత్తు 216 అడుగులు. దానిని ఒంటరిగా తీసినచో ఆ ఎత్తు తెలియదు. పాదపీఠము చెంత మనుష్యు డొకడున్నచో వెంటనే తెలియును. సెల్‌ఫోనులో ద్వారము సాధారణముగా మారదు. అయినను కూర్పు నియమములు దానికిని వర్తించును. అయితే భద్రతా సిబ్బంది వలదన్న చోట కెమెరా ఎత్తరాదు.

ఈ విద్యకు హైదరాబాదులో ఘనమైన చరిత్ర కలదు. మీరట్ సమీపమున సర్ధనాలో 1844 లో జన్మించిన లాలా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. ‘రాజా’ బిరుదము నందెను. సికింద్రాబాదులో ఆయన చిత్రశాల యుండెను. ఆ కాలమున చిత్రము గాజు పలకపై పడెడిది. ఒక పలకపై ఒకే చిత్రము. కావున పలక తీయకముందే వెలుగును, కూర్పును నిశ్చయించుకొనవలసి యుండెను. ఆయన 1905 లో కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజు పలకలను 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. నాటి కోటలు, ఊరేగింపులు, మనుష్యులు వానిలో నేటికిని నిలిచియున్నారు.

నేడు నిమిషమునకు నూఱు చిత్రములు తీయవచ్చును, నచ్చనిదానిని చెరిపివేయవచ్చును. అందుచేతనే ఆలోచన తగ్గుచున్నది. ఊళ్లు మాత్రము ఆగక మారుచున్నవి. నేడు కంటి యెదుట నున్న చెరువుగట్టు, పాత బడి, ఊరి రచ్చబండ రేపు ఉండకపోవచ్చును. వానిని ఒక్కసారి సరియైన వెలుగులో, సరియైన కూర్పుతో తీసి, క్రింద ఊరి పేరును తేదీని వ్రాసి యుంచినచో, ఆ ఒక్క చిత్రమే రాబోవువారికి సాక్ష్యము చెప్పును.