వలస నీటిపక్షుల శరత్కాల గణన

శరదృతువులో ఉత్తర ప్రాంతాల నుండి దక్షిణానికి తరలివచ్చే బాతులు, కొంగలు, ఉల్లంకిపిట్టలు మొదలైన నీటిపక్షులను నిర్ణీత స్థలంలో, నిర్ణీత పద్ధతిలో లెక్కించి నమోదు చేయడాన్ని వలస నీటిపక్షుల శరత్కాల గణన అంటారు. ఒక పక్షిజాతి పెరుగుతున్నదో, తరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇటువంటి లెక్కలే ముఖ్యమైన ఆధారం.

శరత్కాలపు ప్రత్యేకత

శరత్కాలపు గుంపులలో ఆ ఏడాది పుట్టిన పిల్లలు కూడా ఉంటాయి. అనేక జాతులలో ఈకల రంగును బట్టి పిల్లలను గుర్తుపట్టవచ్చును. కనుక సంఖ్యతో పాటు, ఆ ఏడాది సంతానం ఎంతవరకు నిలిచిందో కూడా తెలుస్తుంది. ఉదాహరణకు బ్రెంట్ గూస్ అనే పెద్దబాతులలో ఒక తెగ సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పంలో గుడ్లు పెడుతుంది. అక్కడ లెమ్మింగ్ అనే ఎలుక జాతి జంతువులు తగ్గిన ఏడాది, ఆహారం దొరకని ధ్రువపు నక్కలు పెద్దబాతుల గుడ్లను, పిల్లలను తినివేస్తాయి. ఆ శరత్కాలంలో పశ్చిమ ఐరోపా తీరానికి చేరే గుంపులలో పిల్లలు చాలా తక్కువగా కనిపిస్తాయి.

గణనలో రకాలు

* దాటిపోయే పక్షుల గణన: సముద్రతీరాలలో, అగ్రాలలో పరిశీలకులు ఒకేచోట కూర్చుని ఎగిరిపోయే పక్షులను లెక్కిస్తారు. స్వీడన్ దేశపు నైరుతి కొసన ఉన్న ఫాల్‌స్టర్‌బోలో 1973 నుండి ఇట్టి గణన క్రమపద్ధతిలో జరుగుతున్నది.
* ఆగిన పక్షుల గణన: చెరువులు, సరస్సులు, ఉప్పుమడుగులలో విశ్రమించే పక్షులను లెక్కిస్తారు. నిన్నటి పక్షులే నేడూ ఉండవచ్చును కాబట్టి రోజువారీ సంఖ్యలను కూడరాదు.

పద్ధతి

పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు. ముందుగా 10 లేదా 100 పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కంటితో గుర్తుంచుకుంటారు. గుంపు మొత్తంలో అటువంటి భాగాలు ఎన్ని ఉన్నాయో చూసి గుణిస్తారు. పరిశీలించిన గంటలు, గాలి దిశ, వెలుతురు కూడా వ్రాసుకోవాలి. ఇవి లేనిదే ఒక ఏటి సంఖ్యను మరొక ఏటి సంఖ్యతో పోల్చలేము. పక్షులు కనబడని రోజున సున్నా అని నమోదు చేయడం కూడా అంతే అవసరం.

భారతదేశంలో

మన దేశం మధ్య ఆసియా వలసమార్గంలో ఉన్నది. ఉల్లంకిపిట్టలు ఆగష్టు నుండే రావడం మొదలుపెడతాయి. బాతులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తాయి. 1987లో ప్రారంభమైన ఆసియా నీటిపక్షుల గణన జనవరిలో, అంటే పక్షులు స్థిరపడిన తరువాత జరుగుతుంది. అయితే శరత్కాలంలో కొద్దిరోజులు ఆగి ఇంకా ముందుకు సాగిపోయే పక్షులు జనవరి లెక్కకు అందవు. అందువలన రెండు కాలాల గణనలూ అవసరమే.

ఆంధ్రప్రదేశ్ దక్షిణ తీరంలో ఈశాన్య ఋతుపవనాల వర్షాలు శరత్కాలంలోనే మొదలవుతాయి. చెరువులన్నీ నిండిన ఏడాది పక్షులు చెదిరిపోయి, పులికాట్ వంటి పెద్ద సరస్సులో తక్కువగా కనబడవచ్చును. వర్షాలు లేని ఏడాది నీరున్న కొద్దిచోట్లనే గుమికూడి ఎక్కువగా కనబడవచ్చును. కనుక ఒక్క సరస్సు, ఒక్క ఏడాది లెక్కను చూసి నిర్ణయానికి రాకూడదు.

ప్రయోజనాలు

1971 నాటి రామ్‌సర్ ఒప్పందం ప్రకారం, ఒక చిత్తడి నేల క్రమంగా 20,000 నీటిపక్షులకు గాని, ఏదైనా ఒక నీటిపక్షి జాతి లేదా ఉపజాతి జనాభాలో 1 శాతానికి గాని ఆశ్రయమిస్తే, దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా గుర్తించవచ్చును. ఈ అర్హత లెక్కల వలననే తేలుతుంది. కొల్లేరు సరస్సు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది.

నష్టాన్ని కూడా లెక్కలే తెలుపుతాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు శీతాకాలంలో వచ్చే సైబీరియా కొంగలు క్రమంగా తగ్గిపోయి, 2002 తరువాత అక్కడ కనబడలేదు. అంతకుముందు ఏటేటా లెక్కించినవారు ఉండబట్టే ఆ క్షీణత ఎప్పుడు మొదలై ఎట్లా సాగిందో నేడు తెలుసుకోగలుగుతున్నాము.